చీపురు కర్రతో చేసిన రైలింజను

"పెద్దవాళ్లకు బొమ్మలాటలేమిటి?" అనే మాట మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది. విశ్వాసుల ఇళ్లలో, అందులోనూ దైవసేవకుల ఇళ్లలో, ఆట అంటే కాలాన్ని వ్యర్థం చేసుకోవడమే అన్న అభిప్రాయం ఇంకా బలంగా ఉంది. తండ్రి పొలం నుండి గాని, కూలి నుండి గాని, సువార్త పర్యటన నుండి గాని ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. "చదివావా? ప్రార్థన చేశావా? అన్నం తిన్నావా?" అని మూడు ప్రశ్నలు అడుగుతాడు. బిడ్డ మూడింటికీ "ఆ" అంటాడు. అంతటితో ఆ రోజు సంభాషణ ముగిసిపోతుంది. ఆ బిడ్డ పదహారేళ్లవాడయ్యాక "మావాడు నాతో మాట్లాడడు అయ్యగారూ" అని ఆ తండ్రే కాపరి దగ్గరకు వచ్చి బాధపడతాడు.

ప్రియ చదువరులారా, ఈ నెల మీ ముందు ఒక చిత్రమైన విషయం పెడుతున్నాను. ఇంగ్లండు దేశంలో సంఘ కాపరులుగా పనిచేసిన ముగ్గురు, తమ ఇళ్లలో రైలుబొమ్మలు చేసుకున్నారు. కొన్నవాటిని కోసి, అతికించి, రంగులు మార్చి తమకు కావలసిన రూపానికి తెచ్చుకున్నారు. అందులో ఒకరు తన బిడ్డ కోసం చేసిన చిన్న ఇంజను నేడు ప్రపంచమంతటా పిల్లలకు తెలుసు. దాని పేరు థామస్. అది ఏ కర్మాగారంలోనూ పుట్టలేదు. ఒక పాస్టరు గారి ఇంట్లో, చీపురు కర్ర ముక్కతో పుట్టింది.

తండ్రి నుండి వచ్చిన ఇష్టం

ఆ పాస్టరు గారి పేరు విల్బర్ట్ ఆడ్రీ. 1911 జూన్ 15న ఇంగ్లండు దక్షిణ భాగంలోని ఆంప్‌ఫీల్డ్ అనే పల్లెలో జన్మించారు. ఆయన తండ్రి వేర్ ఆడ్రీ గారు ఆ పల్లెకు ఆంగ్లికన్ సంఘ గురువు. ఆ పెద్దాయనకు రైళ్లంటే ప్రాణం. ఇంటి తోటలో చిన్న పట్టాలు పరచి నమూనా రైలుమార్గం కట్టుకున్నారు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పట్టాలు సరిచేసే కూలీలతో, రైల్వే పనివారితో ఆయనకు మంచి స్నేహం. తమ విచారణలోని ఆ మనుషులను పలకరించడానికి పట్టాల వెంట నడిచి వెళ్లేవారు. చిన్న కొడుకును కూడా వెంట తీసుకొని వెళ్లేవారు. ఆ బాలుడు రైళ్ల గురించి మొదట నేర్చుకున్నది పుస్తకంలో కాదు, తండ్రి వేలు పట్టుకొని నడుస్తూనే.

తర్వాత ఆ కుటుంబం బాక్స్ అనే ఊరికి మారింది. అక్కడ రైలుమార్గం ఎత్తుకు ఎక్కి, పెద్ద సొరంగంలోకి దూరుతుంది. బరువైన గూడ్సు బండ్లు ఆ ఎత్తు ఎక్కలేకపోతే వెనుక నుండి నెట్టడానికి ఇంకొక ఇంజను సిద్ధంగా ఉండేది. రాత్రిళ్లు పడుకున్న బాలునికి ఆ రెండు ఇంజన్ల ఆయాసం, ఈలలు వినబడేవి. ముందున్నది "నావల్ల కాదు" అంటున్నట్టు, వెనుకనున్నది "ఎందుకు కాదు, పద" అంటున్నట్టు అతనికి తోచేది. ఇంజన్లు మాట్లాడతాయన్న తలంపు ఆ బాలుని మనసులో అప్పుడే నాటుకుంది. విత్తనం పడిన ఇరవై ఏళ్లకు పైగా గడిస్తే గాని మొక్క పైకి రాలేదు.

తట్టు పోసిన బిడ్డ

ఆడ్రీ గారు 1936లో పరిచర్యలో ప్రవేశించారు. 1938లో మార్గరెట్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం చేయడం తన మనస్సాక్షికి సరిపడదని బహిరంగంగా చెప్పినందుకు ఆయన ఒక చోట సహాయ గురువు పని పోగొట్టుకున్నారు. 1940లో బర్మింగ్‌హామ్ నగరంలోని కింగ్స్ నార్టన్ సంఘం ఆయనను చేర్చుకుంది. అదే సంవత్సరం వారికి క్రిస్టఫర్ అనే కుమారుడు పుట్టాడు. ఆకాశం నుండి బాంబులు పడుతున్న రోజులు. తిండికి, బట్టకు, కాగితానికి, చివరకు పిల్లల బొమ్మకు కూడా కొరతే.

1942-43 ప్రాంతంలో ఆ పసివాడికి తట్టు పోసింది. తట్టు పోసిన బిడ్డకు వెలుతురు పడదని చీకటి గదిలో పడుకోబెట్టేవారు. రెండు మూడేళ్ల పిల్లవాణ్ణి చీకటి గదిలో ఊరక పడుకోమంటే పడుకుంటాడా? తండ్రి పక్కన కూర్చొని రైలింజన్ల కథలు చెప్పసాగారు. షెడ్డులో అందరూ విడిచిపెట్టిన ఎడ్వర్డ్ అనే ఇంజనుకు ఒకనాడు పని దొరికిందన్నది మొదటి కథ. పిల్లవాడు "మళ్లీ చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పితే నిన్నటి మాటకు ఈనాటి మాటకు తేడా పట్టుకునేవాడు. తప్పు దొరలకుండా తండ్రి ఆ కథలను పాత కాగితాల వెనుక వైపు రాసుకోవలసి వచ్చింది. అవి అచ్చు వేయించమని పట్టుబట్టింది మార్గరెట్ అమ్మగారే. 1945లో మొదటి పుస్తకం వచ్చింది. 1972 నాటికి ఆడ్రీ గారు 26 చిన్న పుస్తకాలు రాశారు. 1983 నుండి ఆ పనిని కొనసాగించినవాడు ఎవరో తెలుసా? ఆనాడు తట్టుతో పడుకొన్న క్రిస్టఫరే. తండ్రీ కొడుకుల పుస్తకాలు కలిసి మొత్తం 42 అయ్యాయి.

కథతో పాటు పిల్లవాడికి చేతిలో పట్టుకొనే బొమ్మ కూడా కావాలి. అంగళ్లలో బొమ్మలు లేవు. ఆడ్రీ గారు పారవేసిన చెక్క ముక్కలతో ఎడ్వర్డ్‌ను చేసి ఇచ్చారు. పిల్లవాడు కథలోని గోర్డన్ అనే పెద్ద ఇంజను కావాలన్నాడు. దానికి సరిపడే సామాను దొరకలేదు. అందువల్ల చీపురు కర్ర ముక్కను బాయిలరుగా పెట్టి, మరికొన్ని చెక్క ముక్కలు కలిపి ఒక చిన్న ట్యాంకు ఇంజను చేశారు. దానికి నీలం రంగు వేశారు. అదే థామస్. 1946లో వచ్చిన రెండవ పుస్తకం దాని కథే. పెద్దది చేయడానికి చాలనందున చిన్నది పుట్టింది. ఈనాటికి ఆ చిన్నదే ఎక్కువమందికి ప్రియమైనది.

ఉన్నదాన్ని మార్చుకోవడం

బొమ్మల రైళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. 1891లో జర్మనీ దేశపు మార్క్‌లిన్ కంపెనీ లైప్‌జిగ్ సంతలో ఒక క్రమమైన రైలుబొమ్మల వరుసను చూపింది. ఒకే కొలత పట్టాలు, వాటికి సరిపోయే బండ్లు. ఈ ఏడు ఒక ఇంజను కొంటే, పై ఏడు రెండు పెట్టెలు, ఆ పై ఏడు ఒక స్టేషను కొని కలుపుకోవచ్చు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఫ్రాంక్ హార్న్‌బీ అనే గుమాస్తా తన కుమారుల కోసం రేకు పట్టీలను కత్తిరించి, రంధ్రాలు వేసి, నట్లు బోల్టులతో బిగించే బొమ్మలు చేశాడు. 1901లో దానికి పేటెంటు పొందాడు. తర్వాత మెక్కానో అని పేరుపొందిన ఆట అదే. 1920లో ఆయన కంపెనీయే కీ ఇచ్చి నడిపే రైళ్లు తెచ్చింది. గమనించండి, ఇదికూడా ఒక తండ్రి తన పిల్లల కోసం చేసిన పనితోనే మొదలైంది.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ కిట్లు వచ్చాయి. కిట్ అంటే విడి భాగాల పెట్టె. ఇంటికి తెచ్చి, భాగాలను విరిచి, అంచులు అరగదీసి, జిగురుతో అతికించి, రంగు వేసుకోవాలి. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1949లో ఒక ట్రాక్టరు నమూనాతో ఈ దారిలో అడుగు పెట్టింది. 1959లో బొమ్మలు చేసే రోజ్‌బడ్ కంపెనీ "కిట్‌మాస్టర్" పేరుతో రైలింజన్ల కిట్లు తెచ్చింది. అవి చూడటానికే గాని నడిచేవి కావు. అయితే ఇంటి దగ్గర కూర్చొన్న మనుషులు ఊరకున్నారా? లోపల మోటారు అమర్చి నడిపించారు. ఒక కిట్‌లోని చక్రాలు, ఇంకొక కిట్‌లోని పైకప్పు, మూడవ దానిలోని కిటికీలు కలిపి ఎవరూ అమ్మని బండిని తయారు చేశారు. ఇలా మార్చి చేయడాన్ని ఆ అభిరుచిగల వారు కిట్‌బాషింగ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే, పాత చీరతో బొంత కుట్టడం వంటిది. గుడ్డ పాతదే, రూపం కొత్తది.

ఆడ్రీ గారు కూడా యుద్ధం తర్వాత ఇంట్లో కరెంటుతో నడిచే చిన్న రైలుమార్గం కట్టుకొని, తన కథల్లోని ఇంజన్లను దానిమీద నడిపారు. కొన్న నమూనాలను మార్చి థామస్‌గా, ఇతర ఇంజన్లుగా తయారు చేసుకున్నారు. ఆ మార్గాన్ని ప్రదర్శనలకు తీసుకొని వెళ్లేవారు. ఆ కథల ద్వీపానికి పేరు కూడా సంఘం నుండే వచ్చింది. ఇంగ్లండు సంఘంలో "సోడర్ అండ్ మాన్" అనే అధ్యక్ష మండలం ఉంది. మాన్ అనే ద్వీపం ఉంది గాని సోడర్ అనే ద్వీపం పటంలో ఎక్కడా లేదు. లేని ఆ ద్వీపాన్నే ఆయన తన రైళ్లకు ఇచ్చారు. తన సోదరుడు జార్జితో కలిసి దానికి పటం గీసి, ఊళ్లు, చరిత్ర కల్పించారు. దీనికి కారణం పిల్లల ఉత్తరాలే. "ఈ బొమ్మలో అలా ఉంది, ఆ బొమ్మలో ఇలా ఉంది, ఏది నిజం?" అని వారు అడిగేవారు. పిల్లల ప్రశ్నను చిన్నచూపు చూడకుండా జవాబు వెదికినందువల్ల ఒక ద్వీపమే పుట్టింది.

ఒకటిన్నర మిల్లీమీటరు కోసం

రెండవవారు పీటర్ డెన్నీ గారు. 1917లో పుట్టి 2009లో మరణించిన ఈయన కూడా ఆంగ్లికన్ సంఘ గురువే. "బకింగ్‌హామ్" అనే పేరుతో ఆయన ఇంట్లో కట్టిన నమూనా రైలుమార్గం ఇంగ్లండులో ఈ పని తెలిసిన వారందరికీ పరిచయం. 1940ల చివరి నాటికే మొదలైన ఆ పని ఆయన జీవితకాలమంతా సాగింది. అందులో కాలం 1907వ సంవత్సరం. ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, ఇళ్లు చాలావరకు స్వహస్తాలతో చేసినవే.

ఆయన ఓర్పు ఎంతటిదో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి. ఇంగ్లండులో ఎక్కువమంది వాడే కొలతలో ఒక అడుగును 4 మిల్లీమీటర్లుగా తగ్గిస్తారు. అంటే నిజమైన బండిలో 76వ వంతు. అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. దానిని 76తో భాగిస్తే దాదాపు 19 మిల్లీమీటర్లు రావాలి. కాని అంగడిలో అమ్మే పట్టాలు 16.5 మిల్లీమీటర్లే. ఎందుకంటే ఆ పట్టాలు 87వ వంతు కొలతకు సరిపోయేవి. ఇంగ్లండు ఇంజన్లు సన్నగా ఉండి, ఆనాటి మోటార్లు వాటిలో పట్టకపోవడంతో, ఇంజను మాత్రం కొంచెం పెద్దది చేసి పట్టాలను అలాగే ఉంచేశారు. చూసేవారిలో నూటికి తొంభైమంది ఆ తేడా గమనించరు. డెన్నీ గారికి అది సరిపడలేదు. 18 మిల్లీమీటర్ల పట్టాలు ఎంచుకున్నారు. ఒకటిన్నర మిల్లీమీటరు మార్పు! దానికోసం తయారుగా దొరికే పట్టాలను వదులుకొని, అన్నీ తామే చేసుకోవలసి వచ్చింది. ఎవరూ చూడని చోట కూడా సరిగా చేయాలన్న మనసు వడ్లవాని ఇంట పెరిగిన మన ప్రభువుకు కొత్తది కాదు.

ఆ రైలుమార్గం నడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఒక స్టేషనులో, మరొకరు ఇంకొక స్టేషనులో ఉండి గంటల సంకేతాలు ఇచ్చిపుచ్చుకోవాలి. రెండవ మనిషి ఆయన కుమారుడు క్రిస్పిన్. ఆ అబ్బాయి దొరకని వేళల్లో ఆ పని చేయడానికి డెన్నీ గారు మెక్కానో ముక్కలతో ఒక యంత్రం తయారు చేశారు. అది గంటలకు జవాబిచ్చి, బండ్లను పంపించేది. దానికి ఆయన పెట్టిన పేరు "ఆటోమేటిక్ క్రిస్పిన్". విని నవ్వుకుంటాము. కాని ఆ పేరులోని ప్రేమను చూడండి. యంత్రానికి కూడా కొడుకు పేరే. కొడుకు చోటు ఖాళీగా ఉందని ఆ తండ్రి గంట కొట్టినప్పుడల్లా గుర్తు చేసుకొనేవాడన్నమాట. మన ఇళ్లలో అలా గుర్తుపెట్టుకునే ఖాళీ చోటు మన బిడ్డకు ఉన్నదా?

మూడవవారు టెడ్డీ బోస్టన్ గారు. కేడ్‌బీ అనే చిన్న ఊరి సంఘ గురువు. ఆయన ఇంట్లోనూ నమూనా రైలు ఉండేది. అది చాలక 1962లో "పిక్సీ" అనే నిజమైన చిన్న ఆవిరి ఇంజనునే తెచ్చి, గురువు గారి నివాసపు తోటలో పట్టాలు వేసి నడిపారు. ఆడ్రీ గారు ఈయన స్నేహితుడు. తన పుస్తకంలో ఇద్దరినీ "లావు పాస్టరు గారు, సన్న పాస్టరు గారు" అని చిత్రించి నవ్వించారు. నవ్వించగల కాపరి సంఘానికి ఒక వరమని నా నమ్మకం.

పట్టాలు తప్పినప్పుడు

ఈ అభిరుచిలో అంతా సాఫీగా సాగుతుందనుకోవద్దు. 1953 జూన్‌లో బీబీసీ వారు ఆడ్రీ గారి కథను హార్న్‌బీ నమూనా రైళ్లతో టెలివిజనులో నేరుగా ప్రసారం చేశారు. పట్టాలు మార్చే మీటను సరిచేయడం మరచిపోవడంతో ఇంజను పట్టాలు తప్పి బోర్లాపడింది. దేశమంతా చూస్తుండగా ఒక మనిషి చెయ్యి తెర మీదికి వచ్చి ఇంజనును ఎత్తి మళ్లీ పట్టాల మీద పెట్టింది. పత్రికలు దాన్ని గురించి రాశాయి. ఆడ్రీ గారు చాలా నొచ్చుకున్నారు. ఆ తర్వాత 1984లో గాని థామస్ కథలు టెలివిజను వరుసగా రాలేదు. అప్పుడు వాడిన ఇంజన్లకు అడుగు భాగం మార్క్‌లిన్ వారిది. పైరూపం కళాకారులు చేసినది. అదికూడా ఉన్నదానిని మార్చుకున్న పనే.

ఇంట్లో తండ్రీ బిడ్డా కలిసి చేసే పనిలోనూ ఇటువంటివి జరుగుతాయి. జిగురు కిటికీ మీద పడుతుంది. చక్రం వంకరగా అతుకుతుంది. రంగు ఆరకముందే వేలు తగులుతుంది. ఆ క్షణంలో తండ్రి నోట ఏ మాట వస్తుందో బిడ్డ దానిని జీవితాంతం గుర్తు పెట్టుకుంటాడు. "పాడు చేశావు" అంటారా, "ఆరనీ, గీకి మళ్లీ వేద్దాం" అంటారా? మన బిడ్డలు పెద్దవారై నిజంగా పట్టాలు తప్పిన రోజున మన దగ్గరకు వస్తారా రారా అనేది ఇటువంటి చిన్న తప్పుల దగ్గరే నిర్ణయమవుతుంది.

మన ఇంటిలో ఎలా?

"అయ్యగారూ, ఇంగ్లండు దొరల సంగతి మాకెందుకు? ఆ కిట్లు కొనే స్తోమత మాకు లేదు" అని మీరనవచ్చు. కొనమని నేను చెప్పడం లేదు. మన పిల్లలు ఎన్నడో ఈ విద్య నేర్చారు. తిన్న తాటి ముంజకాయలకు కర్ర గుచ్చి బండి చేసినవారు, ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టి గూడ్సు బండి లాగినవారు మన పల్లెల్లో లెక్కలేనంతమంది ఉన్నారు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా చెక్కిన కాళ్లు, చేతులను చింతగింజల మక్కుతో అతికి బొమ్మను నిలబెడతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను చిత్రిక పట్టి లక్క రంగులు పూస్తారు. ఆ లక్క నుండి వచ్చే షెల్లాకునే ఇంగ్లండు నమూనాకారులు తమ అట్ట పెట్టెలు గట్టిపడటానికి పూసేవారు. కనుక ఈ పని మనకు పరాయిది కాదు.

ఇదిగో, ఖర్చు లేని ఒక పద్ధతి. మన రైలు పెట్టెను నూరవ వంతుగా చేయండి. అప్పుడు లెక్క సులువు. ఒక మీటరుకు ఒక సెంటీమీటరు. మన దేశంలో చాలా ఏళ్లుగా నడుస్తున్న మామూలు ప్రయాణికుల పెట్టె పొడవు దాదాపు 21.3 మీటర్లు, వెడల్పు 3.25 మీటర్లు, పట్టా మీద నుండి ఎత్తు 4 మీటర్లు. అంటే మీ పెట్టె పొడవు 21 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు 3 సెంటీమీటర్లకు పైన, ఎత్తు 4. మన పెద్ద లైను పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు గనుక మీ పట్టాల మధ్య దూరం దాదాపు 17 మిల్లీమీటర్లు. ఈ లెక్కను మీరు చేయవద్దు. ఏడవ తరగతి చదివే మీ బిడ్డచేత చేయించండి. భిన్నాలు, నిష్పత్తులు ఎందుకు నేర్చుకోవాలో ఆ రోజు అర్థమవుతుంది.

పెట్టెకు పాత శుభలేఖల అట్ట చాలు. స్కేలుతో గీసి, కిటికీలు పెద్దవారు బ్లేడుతో కోయాలి. మడతపెట్టే చోట అట్టను తెగిపోకుండా పైపైన గీస్తే మడత సూటిగా వస్తుంది. అతికించడానికి ఫెవికాల్ గాని, మైదా జిగురు గాని వాడండి. చక్రాలకు పాత చొక్కా గుండీలు, ఇరుసుకు కొబ్బరి ఈనె. రంగు ఒకేసారి మందంగా వేయకుండా, పలుచగా రెండుసార్లు, మొదటిది బాగా ఆరిన తర్వాత రెండవది వేయాలి. ముదురు ఎరుపా, నీలమా అనేది బిడ్డ నిర్ణయానికి వదలండి.

ఇంట్లో అంగడిలో కొన్న ప్లాస్టిక్ రైలు ఉంటే ఇంకా మంచిది. పాడైనదైనా పారవేయకండి. దాని మెరుపును సన్నని ఉప్పుకాగితంతో రుద్ది తీసివేయండి. అప్పుడు రంగు నిలుస్తుంది. చక్రాల దగ్గర, అడుగున కొంచెం గోధుమ రంగు పూయండి. ఎందుకంటే నిజమైన బండి దుమ్ము కొట్టుకొని ఉంటుంది. కిటికీలో అట్టతో కోసిన ప్రయాణికులను పెట్టండి. తర్వాత మీ దగ్గరి స్టేషనుకు బిడ్డను తీసుకొని వెళ్లండి. పసుపు పలకమీద నల్లని అక్షరాలతో ఊరి పేరు ఏయే భాషల్లో ఉందో, సముద్ర మట్టానికి ఎంత ఎత్తని రాసి ఉందో చూపించి, అలాంటి పలకనే ఇంటి స్టేషనుకు చేయించండి. నమూనా చేసేవాడు మొదట చూడటం నేర్చుకుంటాడు. రోజూ చూస్తున్నామనుకొనే దాన్ని మొదటిసారి నిజంగా చూస్తాడు.

ఇంకొక సంగతి. నూరవ వంతు బండి నూరవ వంతు వేగంతోనే పోవాలి. గంటకు 60 కిలోమీటర్లు పోయే రైలు మీ నేలమీద క్షణానికి 17 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. పిల్లలు ఎప్పుడూ దానికంటే ఎంతో వేగంగా నెడతారు. నెమ్మదిగా నడపడమే కష్టం. అదే ఈ ఆటలోని అందం.

కొన్ని జాగ్రత్తలు

బ్లేడు, కత్తి పెద్దవారి చేతిలోనే ఉండాలి. కోసేటప్పుడు పదును మన శరీరం వైపు గాక బయటివైపు పోవాలి. ప్లాస్టిక్‌ను అతికే జిగురు ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది. దాని ఘాటు మంచిది కాదు. తలుపులు, కిటికీలు తెరిచి, దీపానికి, పొయ్యికి దూరంగా వాడాలి. కరెంటు బొమ్మ అయితే బ్యాటరీతో గాని, 12 వోల్టులకు తగ్గించే సరైన పెట్టెతో గాని నడపాలి. ఇంటి కరెంటును నేరుగా ఎన్నడూ ఇవ్వకూడదు. చిన్న ముక్కలను పసిపిల్లలకు అందనీయవద్దు.

శరీరానికి జాగ్రత్త చెప్పినట్టే మనసుకు కూడా చెప్పాలి. ఏ అభిరుచి అయినా హద్దు దాటితే ఇంటిని కాల్చుతుంది. ఇంట్లో ఉప్పు లేకుండా బొమ్మకు డబ్బు పెట్టేవాడు, బిడ్డను పక్కకు నెట్టి "ముట్టుకోకు, పాడైపోతుంది" అనేవాడు ఆటలోని అర్థాన్ని పోగొట్టుకున్నాడు. వారానికి ఒక సాయంత్రం, ఒక గంట చాలు. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి. వారి వేళ్లు సన్నని పనిలో మన వేళ్ల కంటే నేర్పుగా ఉంటాయి. తల్లి దగ్గర పాత గుండీలు, గుడ్డముక్కలు, ఊలు దారాలు ఉంటాయి. ఆమె సలహా అడగండి. మార్గరెట్ అమ్మగారు పట్టుబట్టకపోతే ఆ కథలు పాత కాగితాల వెనుకే మిగిలిపోయేవి గదా!

ఇక మొదట వచ్చిన ప్రశ్న. విశ్వాసికి, సేవకునికి ఇది తగునా? ఆ ముగ్గురు గురువులూ బొమ్మల కోసం పరిచర్య మానలేదు. ఆదివారం వాక్యం చెప్పారు, రోగులను చూశారు, సమాధి కార్యక్రమాలు జరిపించారు. ఆ పనుల మధ్య మిగిలిన కాస్త సమయంలో చేతులకు ఒక పని ఇచ్చారు. రోజంతా ఇతరుల బాధలు వినే మనిషికి, ఒక చక్రాన్ని సరిగా నిలబెట్టడం కూడా ఒక విశ్రాంతి. ఆ పనిలో బిడ్డ కూడా పక్కన ఉంటే, అది విశ్రాంతి కంటే ఎక్కువ. ఆడ్రీ గారు 1997లో తన 85వ ఏట కన్నుమూశారు. ఆయన బోధించిన ప్రసంగాలు ఎందరికి గుర్తున్నాయో తెలియదు గాని, రోగియైన బిడ్డ పక్కన ఆయన కూర్చున్న ఆ సాయంత్రాల ఫలం మాత్రం ఎన్నో దేశాల పిల్లలు పంచుకుంటున్నారు.

బిడ్డలు చిన్నవారుగా ఉండే కాలం చాలా కొద్దిది. ఫోను తెర వారిని మన పక్కనే ఉంచి దూరం చేస్తున్న ఈ రోజుల్లో, ఈ వారమే ఒక సాయంత్రం కేటాయించండి. ఒక శుభలేఖ అట్ట, నాలుగు గుండీలు, రెండు కొబ్బరి ఈనెలు చాప మీద పెట్టి బిడ్డను పిలవండి. "దీనితో ఏం చేద్దాం?" అని మీరే అడగండి. తర్వాత కొంచెంసేపు మాట్లాడకుండా, వాడు చెప్పేది వినండి.